మధురవాడ అపార్ట్‌మెంటు కామన్ మీటరుకి సోలార్: చట్ట ప్రకారం తప్పనిసరా? ఎన్ని కిలోవాట్లు సరిపోతాయి?

సెక్రటరీ_మధురవాడ:

అందరికీ నమస్కారమండి. మాది విశాఖ మధురవాడలో రెండు బ్లాకుల అపార్ట్‌మెంటు. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, 60 ఫ్లాట్లు, 2016లో కట్టింది. కామన్ సర్వీసు ఒక్కటే. రెండు లిఫ్టులు, 5 హెచ్‌పీ సంపు మోటారు, బోరు మోటారు, కారిడార్, పార్కింగు లైట్లు అన్నీ దాని మీదే. కాంట్రాక్టెడ్ లోడు 15 కిలోవాట్లు, త్రీ ఫేజు. ఏడాది సగటున నెలకి 1,800 యూనిట్లు కాలుతోంది. లైట్లలో ఒక 40 ఇంకా పాత ట్యూబ్‌లైట్లే. 25 కేవీఏ జనరేటరు ఉంది.

సోలార్ కంపెనీ వాళ్లు ఒకరు కమిటీకి 20 కిలోవాట్ల కొటేషన్ ఇచ్చారు. "రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది, అపార్ట్‌మెంట్లన్నీ సోలార్ పెట్టాల్సిందే, లేకపోతే జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) నోటీసు వస్తుంది" అంటున్నారు. కమిటీలో సగం మంది భయపడుతున్నారు, సగం మంది నమ్మట్లేదు.

1. అలాంటి చట్టం నిజంగా ఉందా?
2. 20 కిలోవాట్లు మాకు అవసరమా?
3. తుపాను గాలికి మేడ మీద ప్యానెళ్లు నిలబడాలంటే కొటేషన్‌లో ఏమేం రాయించుకోవాలి?

రూల్‌బుక్:

ముందు నోటీసు భయం పక్కన పెట్టండి సెక్రటరీ గారూ. ఇప్పటికే కట్టి కాపురాలున్న అపార్ట్‌మెంటు సోలార్ పెట్టి తీరాలనే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. మీకు చెప్పినాయన నాలుగు వేర్వేరు కాగితాల్ని ఒకే మూటలో కట్టేశాడు. విప్పి చూద్దాం.

మొదటిది విద్యుత్ చట్టాలు. కరెంటు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశం. అందుకే కేంద్రం చట్టం, రాష్ట్రం చట్టం రెండూ నడుస్తాయి. రాష్ట్రం వైపు 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం ఉంది, ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) పుట్టింది దానిలోంచే. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కూడా, దానితో పొసగని భాగాలు తప్ప మిగతాది బతికే ఉంది. 2003 చట్టం 86వ సెక్షన్ ప్రకారం పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించే బాధ్యత ఆ కమిషన్‌దే. నెట్ మీటరింగ్ (మీరు గ్రిడ్‌కి పంపిన యూనిట్లని వాడినవాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) రెగ్యులేషన్లు అక్కడినుంచి వస్తాయి. అవి డిస్కమ్‌నీ (కరెంటు సరఫరా చేసే కంపెనీ, మనకి ఈపీడీసీఎల్) మిమ్మల్నీ ఇద్దర్నీ కట్టేస్తాయి, కానీ మీరు దరఖాస్తు పెట్టుకున్నాకే.

రెండోది ఇంధన పొదుపు చట్టం, 2001. 15వ సెక్షన్ కింద, బిల్డింగ్ కోడ్‌ని స్థానిక వాతావరణానికి తగ్గట్టు మార్చి అమలుచేసే అధికారం రాష్ట్రానికి ఉంది. మన దగ్గర ఆ కోడ్‌ని (ఈసీబీసీ) 2014లో నోటిఫై చేశారు. అది కొత్తగా ప్లాను పెట్టే పెద్ద వాణిజ్య భవనాలకి. 2022 సవరణ (2023 జనవరి 1 నుంచి అమలు) నివాస భవనాల్ని కూడా ఆ పరిధిలోకి తెచ్చింది. కనెక్టెడ్ లోడు 100 కిలోవాట్లు గాని, కాంట్రాక్టు డిమాండు 120 కేవీఏ గాని దాటితే లెక్కలోకి వస్తారు. బహుశా మీ వాళ్లు విన్న "కొత్త చట్టం" ఇదే. అయితే ఇది కట్టబోయే భవనం గోడలు, కిటికీలు, కప్పు, లోపలి పరికరాల సంగతి. 2016లో కట్టిన మీ మేడ మీద ప్యానెళ్లు పెట్టమని అందులో ఎక్కడా లేదు.

మూడోది 2024 అక్టోబరులో వచ్చిన ఏపీ సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం. 160 గిగావాట్లకి పైగా సామర్థ్యం, పది లక్షల కోట్ల పెట్టుబడి అని పేపర్లో చదివే ఉంటారు. అది పాలసీ. పెట్టేవాళ్లకి రాయితీలిస్తుంది, పెట్టనివాళ్లకి జరిమానా వేయదు.

నాలుగోదే మీకు పనికొచ్చేది, విచిత్రంగా అమ్మేవాళ్లెవరూ దాని ఊసెత్తరు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, 2020. వాటికి 2021లో, 2024 ఫిబ్రవరిలో సవరణలొచ్చాయి. అందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

నెట్ మీటరింగ్ 500 కిలోవాట్లు లేదా మీ శాంక్షన్డ్ లోడు (మీరు చెప్పిన కాంట్రాక్టెడ్ లోడే), ఏది తక్కువైతే అంతవరకే. మీది 15. కాబట్టి ఆ 20 కిలోవాట్ల కొటేషన్, లోడు పెంచుకుంటే తప్ప, ఉన్నదున్నట్టుగా నిలవదు.

10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదు, ఒప్పుకున్నట్టే లెక్క. అంతకంటే పెద్దదైతే డిస్కమ్ 15 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అదీ ఒప్పుకున్నట్టే. బిగింపు పూర్తయ్యాక ప్లాంటు ఛార్జ్ చెయ్యడానికి (అంటే గ్రిడ్‌కి కలిపి నడపడానికి) ఇంతకుముందున్న 30 రోజుల గడువుని 15కి తగ్గించారు.

గడువు దాటితే ముందు సెక్షన్ ఏఈకి (మీ ఏరియా అసిస్టెంట్ ఇంజనీరు) రాతపూర్వకంగా ఇవ్వండి, 1912లో ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆ తర్వాత డిస్కమ్ వినియోగదారుల ఫోరం. ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే కాబట్టి మీకు తిరుగుడు తక్కువ.

స్లాబు_లెక్క:

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. ముందు మీ బిల్లు మీద కేటగిరీ చూడండి. మేడలో సగానికి పైగా విస్తీర్ణం నివాసమైతే కామన్ సర్వీసుకి ఎల్‌టీ-1 గృహ టారిఫ్ పడాలి. కింద నాలుగు షాపులున్నాయని ఎల్‌టీ-2 (వాణిజ్య టారిఫ్)లో పెట్టేసిన బిల్లులు అక్కడక్కడా ఉంటాయి. అలా ఉంటే సోలార్ కంటే ముందు అది మార్పించండి.

ఎల్‌టీ-1 స్లాబులు: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. అరవై కుటుంబాల ఉమ్మడి వాడకం ఒకే మీటరు మీద పడుతోంది కాబట్టి మీరు ఏ నెలయినా పై స్లాబులోనే ఉంటారు. 1,800 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 16,198 రూపాయలు. అందులో మొదటి 400 యూనిట్ల వాటా 2,548, మిగతా 1,400 యూనిట్లదే 13,650. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ, సుంకం వేరే.

విశాఖలో కిలోవాటుకి ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు వేసుకోండి. ఎండాకాలంలో ఎక్కువ వస్తుంది, మబ్బు పట్టిన రోజున ఒకటీ ఒకటిన్నరకి పడిపోతుంది. అంటే కిలోవాటుకి నెలకి 120 యూనిట్లు.

మొదటి 12 కిలోవాట్లు 1,440 యూనిట్లిస్తాయి, 14,000 ఆదా. యూనిట్ విలువ తొమ్మిది రూపాయల డెబ్బై పైసలకి పైనే. ఆ తర్వాత 3 కిలోవాట్లు (12 నుంచి 15కి వెళ్తే) మరో 360 యూనిట్లిస్తాయి కానీ ఆదా 2,198 మాత్రమే, యూనిట్‌కి 6 రూపాయల 10 పైసలు. 15 దాటాక మీ దగ్గర కొట్టేయడానికి యూనిట్లే ఉండవు. మిగులుకి డిస్కమ్ ఇచ్చే ధర మీ పై స్లాబు దరిదాపుల్లో కూడా ఉండదు. 20 కిలోవాట్లలో చివరి 5 కిలోవాట్లు అమ్మేవాడి కమీషన్‌కి తప్ప మీకెందుకూ కొరగావు.

సబ్సిడీ విషయంలో కూడా గందరగోళం చేస్తారు, జాగ్రత్త. పీఎం సూర్యఘర్ (కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం)లో 78,000 అనేది ఒక్కో ఇంటికి (2 కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, మూడోదానికి 18,000). అసోసియేషన్ కామన్ సర్వీసుకి లెక్క వేరు: కిలోవాటుకి 18,000 చొప్పున, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన మొత్తం 500 కిలోవాట్ల దాకా. ప్యానెళ్లు డీసీఆర్ రకమే అయ్యుండాలి, అంటే సెల్లు కూడా మన దేశంలో తయారైంది. కొటేషన్‌లో "డీసీఆర్" అన్న మాట లేకపోతే సబ్సిడీ లేదన్నట్టే. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో తయారుచేసిన కొటేషన్ ఇస్తే వెనక్కి పంపండి.

పంపు_మేస్త్రి:

స్లాబు గారి లెక్క బాగుంది గానీ, 1,800 యూనిట్లు అనేదే తప్పు మొదలు. కుండకి చిల్లు పెట్టుకుని నీళ్లు పోస్తున్నట్టుంది. ముందు వాడకం దించాలి.

లైట్లు: పాత ట్యూబు 40 వాట్లు, చోక్ కలిపితే 50. నలభై లైట్లు రోజుకి 12 గంటలు వెలిగితే నెలకి 720 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు వేస్తే 288. నెలకి 432 యూనిట్లు మిగిలాయి, పై స్లాబులో అది 4,200 రూపాయలు. బ్యాటెన్ ఒకటి 250 అనుకున్నా మొత్తం పది వేలు. మూడు నెలలు తిరక్కుండానే డబ్బు వెనక్కి వచ్చే పని ఇది, దీనికి ఏ సబ్సిడీ అక్కర్లేదు. కొనేటప్పుడు సర్జ్ ప్రొటెక్షన్ 4 కేవీ ఉందో లేదో చూడండి. లేనివి మన ఉరుముల కాలంలో డజన్ల లెక్కన పోతాయి.

మోటారు: దీన్ని ఎవరూ కొలవరు. 60 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు అంటే రోజుకి దాదాపు 32 వేల లీటర్లు. మీ సంపు నుంచి పై ట్యాంకుకి పైపు రాపిడి కలుపుకుని 30 మీటర్ల హెడ్ (పంపు నీళ్లు ఎత్తాల్సిన ఎత్తు) అనుకుందాం. వెయ్యి లీటర్లు ఎత్తడానికి సిద్ధాంతపరంగా 0.08 యూనిట్ చాలు. పంపు, మోటారు నష్టాలన్నీ కలిపి 40 శాతం దక్షత ఉన్నా 0.2 యూనిట్. 0.35 దాటిందంటే ఏదో చెడిందని.

కొలిచే పద్ధతి: మధ్యాహ్నం రద్దీ లేని వేళ అరగంట లిఫ్టులు ఆపండి, లైట్లు ఎలాగూ ఉండవు, బోరు ఆపండి. ట్యాంకు నుంచి కిందికి వెళ్లే వాల్వు కట్టేయండి. మీటరు రీడింగు రాసుకుని సంపు మోటారు ఒక్కటే వేయండి. ట్యాంకు లోపలి పొడవు వెడల్పులు 4 మీటర్లు, 3 మీటర్లు అయితే ప్రతి 10 సెంటీమీటర్ల పెరుగుదలా 1,200 లీటర్లు. 5 హెచ్‌పీ మోటారు అరగంటలో 2.1 యూనిట్ల దాకా లాగుతుంది. నీళ్లు 80 సెంటీమీటర్లు పైకొస్తే పంపు భేషుగ్గా ఉన్నట్టు. నలభై దగ్గర ఆగితే సగం కరెంటు దండగ.

ఎందుకు పోతుందంటే, ఇసుక నీళ్లకి ఇంపెల్లర్ (పంపు లోపల నీళ్లు తోసే చక్రం) అరిగిపోవడం ఒకటి. ఫుట్‌వాల్వ్ (పీల్చే పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) కారి ప్రతిసారీ గాలి పీల్చుకోవడం ఇంకొకటి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఏమిటంటే, 50 మీటర్ల హెడ్ పంపుని "పెద్దదైతే మంచిదే కదా" అని 25 మీటర్లకి వాడటం. అది తన సరైన పాయింటుకి ఎక్కడో దూరంగా తిరుగుతూ కరెంటు తింటుంది, మోటారూ వేడెక్కుతుంది. డెలివరీ పైపు రెండంగుళాలు ఉండాల్సిన చోట ఒకటింపావు వేసినా ఇదే గతి. పంపు ప్లేటు మీద హెడ్ రేంజి రాసుంటుంది, ఒక్కసారి టార్చి వేసి చూడండి.

0.4 నుంచి 0.2కి తెస్తే నెలకి 190 యూనిట్లు. లైట్లవి కలిపి 620. మీ వాడకం 1,180కి దిగింది.

స్లాబు_లెక్క:

మేస్త్రి గారు చెప్పింది ఒప్పుకోవాల్సిందే. అలాగైతే 8 కిలోవాట్లు చాలు. నెలకి 960 యూనిట్లు వస్తాయి, మిగిలిన 220 యూనిట్లు కింది స్లాబుల్లో ఉండి 987 రూపాయలవుతాయి. 16,198 నుంచి 987కి. ఎత్తు స్ట్రక్చర్‌తో కలిపి కిలోవాటు 60 వేలు వేసుకుంటే 4,80,000, సబ్సిడీ 1,44,000 పోగా మూడు లక్షల ముప్ఫయ్యారు వేలు. పైగా 10 లోపు కాబట్టి రూల్‌బుక్ గారు చెప్పిన సాధ్యత పరిశీలన బాధ కూడా ఉండదు.

మేడమీద_మెకానిక్:

మూడో ప్రశ్న నాది. ఇది కొంచెం పొడుగు.

ఐఎస్ 875 (భవనాల మీద పడే భారాల లెక్కకి భారతీయ ప్రమాణం) మూడో భాగంలో విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ స్థాయిలోనే కొట్టింది, కాబట్టి అది పుస్తకాల్లో అంకె మాత్రమే అనుకోకండి. ఆ వేగానికి చదరపు మీటరు మీద ఒత్తిడి దాదాపు 150 కిలోలు. 550 వాట్ల ప్యానెల్ వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. వాలుగా ఉన్న పలక కింద గాలి దూరితే పైకి లేపే బలం ప్యానెల్‌కి 400 నుంచి 500 కిలోల దాకా వెళ్తుంది. ప్యానెల్ బరువు 28 కిలోలు. బరువు మీద ఆధారపడి ఏదీ నిలబడదు, పట్టు మీదే నిలబడాలి.

కాబట్టి మొదట అడగాల్సింది బోల్టు ఎక్కడికి దిగుతోందని. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ కోసం ఇటుక ముక్కలూ సున్నమూ వేసిన పొర మూడు నాలుగంగుళాలు ఉంటుంది. 100 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు దానిలోనే ఆగిపోతుంది, కాంక్రీటుని తాకదు. బిగించేటప్పుడు గట్టిగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తొలి పెద్ద గాలికి పొరతో సహా ఊడి వస్తుంది. స్ట్రక్చర్ కాళ్లు బీముల మీదకో కాలమ్ తలల మీదకో రావాలి. ఆ పొరని కొట్టి కాంక్రీటు బయటపెట్టి, రంధ్రంలో దుమ్ము ఊది, కెమికల్ యాంకర్ వేసి, చుట్టూ పెడెస్టల్ (చిన్న కాంక్రీటు దిమ్మ) పోసి, మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో డ్రాయింగు అడగండి, అందులో 50 మీటర్ల గాలివేగం రాసుండాలి. ఊరి పేరు మార్చకుండా ఎక్కడో లోతట్టు జిల్లాకి వేసిన డ్రాయింగు తెచ్చి ఇస్తారు, అందులో 39 అనో 44 అనో ఉంటుంది.

వాలు 12 నుంచి 15 డిగ్రీలు, దక్షిణం వైపు. మన అక్షాంశం 17.7 కాబట్టి 18 పెట్టమంటారు. ఆ మూడు డిగ్రీల వల్ల పెరిగే యూనిట్లు నామమాత్రం, పెరిగే గాలి పట్టు మాత్రం తక్కువేం కాదు.

తుప్పు సంగతి. "జీఐ స్ట్రక్చర్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. షీటు దశలోనే పూత వేసిన ప్రీ-గాల్వనైజ్డ్ పర్లిన్‌కి (ప్యానెళ్లని మోసే అడ్డ కమ్మీ) జింకు 20 మైక్రాన్లు ఉంటుంది. తయారుచేశాక కరిగిన జింకులో ముంచింది (హాట్ డిప్) 80 మైక్రాన్లు. సముద్రం గాలికి తేడా నాలుగైదేళ్లలో కనిపిస్తుంది. "హాట్ డిప్ గాల్వనైజ్డ్, కనీసం 80 మైక్రాన్లు" అని రాయించండి, సరుకు దిగిన రోజున పూత మందం కొలిచే మీటరుతో నాలుగు చోట్ల చూడండి. సైటులో గ్రైండరుతో కోసినా డ్రిల్లు వేసినా అక్కడ జింకు పోయినట్టే. కోసిన అంచులు చూడండి, జింకు స్ప్రే కొట్టకపోతే ఒక వర్షాకాలానికే ఎర్రని చార గోడ మీదికి కారుతుంది.

నట్లు బోల్టులు స్టెయిన్‌లెస్ 304. బీచ్ రోడ్డు, ఋషికొండ, భీమిలి వైపు సముద్రం ఎదురుగా ఉండే మేడలకి 316. అల్యూమినియం ఫ్రేము, జీఐ పర్లిన్ కలిసే చోట రబ్బరు ప్యాడ్ ఉండాలి, లేకపోతే ఉప్పు తేమకి ఆ రెండు లోహాల మధ్య తినుడు మొదలవుతుంది. ప్యానెల్ డేటాషీటులో ఐఈసీ 61701 (ఉప్పు తుంపర పరీక్ష) ఉందో లేదో చూడండి.

వైరింగులో ఎక్కువ తంటాలు తెచ్చేది ఎంసీ4 కనెక్టరు (ప్యానెల్ వైర్లు కలిపే ప్లగ్గు). ప్యానెల్‌తో వచ్చింది ఒక కంపెనీది, ఇన్‌స్టాలర్ సంచిలోది ఇంకొకటి. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి, టిక్కుమంటాయి కూడా. లోపల పిన్ను కొలత వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఒకరోజు అంటుకుంటుంది. జతలో రెండు ముక్కలూ ఒకే కంపెనీవి అయ్యుండాలని రాయించండి.

ఎర్తింగుకి మూడు వేర్వేరు గుంతలు: పిడుగు వాహకానికి ఒకటి, డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి. రెండు గుంతలతో సరిపెడతామంటే ఒప్పుకోకండి.

మధ్యాహ్నం పన్నెండింటికి ఇన్వర్టరు "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని ఆగిపోతోందంటే అందరూ ఇన్వర్టర్నే తిడతారు. చాలాసార్లు తప్పు మేడ మీంచి కింద మెయిన్ బోర్డు దాకా వేసిన సన్న ఏసీ కేబుల్‌ది. కరెంటు బయటికి తోస్తున్నప్పుడు కేబుల్‌లో పడే వోల్టేజి ఇన్వర్టరు దగ్గర కలిసి కనిపిస్తుంది. ఐదంతస్తుల దూరానికి కేబుల్ నష్టం ఒక శాతం లోపు ఉండేట్టు సైజు అడగండి.

నీడ: లిఫ్టు గది, ట్యాంకుల నీడ డిసెంబరులో ఎంత దూరం పడుతుందో చూసి 15 ప్యానెళ్లు అమర్చండి. వేసవిలో చూస్తే మోసపోతారు. గాజువాక, కాన్వెంట్ జంక్షన్, పోర్టు వైపున్న వాళ్లకి నల్ల దుమ్ము బాధ ఉంటుంది, వారానికోసారి కడగాలి. మీకు పదిహేను రోజులకోసారి చాలు. బోరు నీళ్లతో ఎండలో కడిగితే తెల్ల పొర కట్టి అదే నీడైపోతుంది. తెల్లారగట్ల, మున్సిపల్ నీళ్లతో.

సెక్రటరీ_మధురవాడ:

గురువులందరికీ దండాలు. ఇరవైకి వెళ్లబోయి ఎనిమిదికి దిగాం. మూడు సందేహాలు. జనరేటరు ఉంది కదా, కరెంటు పోతే సోలార్ కూడా నడుస్తుందా? కామన్ సర్వీసు ఇంకా బిల్డరు పేరు మీదే ఉంది, ఇబ్బందా? ఇద్దరు ఫ్లాటు ఓనర్లు మేడ మీద తమ సొంత ప్యానెళ్లు కూడా పెట్టుకుంటామంటున్నారు.

మేడమీద_మెకానిక్:

గ్రిడ్ పోతే ఇన్వర్టరు ఆగిపోతుంది, అలా ఆగాలి కూడా. లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం దాని మీదే ఉంది. అయితే జనరేటరుతో ఒక చిక్కుంది. సోలార్‌ని ఛేంజోవర్ (గ్రిడ్ నుంచి జనరేటరుకి మార్చే స్విచ్చి) తర్వాత, అంటే లోడు వైపు కలిపితే, జనరేటరు స్టార్టవగానే ఇన్వర్టరు దాన్నే గ్రిడ్ అనుకుని జతకలుస్తుంది. మధ్యాహ్నం లోడు 2 కిలోవాట్లుండి సోలార్ 7 ఇస్తుంటే మిగిలింది జనరేటరులోకి ఎదురెక్కుతుంది. ఆల్టర్నేటరు పాడైతే రిపేరు ఖర్చు మీ నెత్తినే. సోలార్ కలిపే చోటు నెట్ మీటరుకీ ఛేంజోవర్‌కీ మధ్య, గ్రిడ్ వైపు ఉండాలి. సింగిల్ లైన్ డయాగ్రామ్‌లో ఆ ఒక్క పాయింటు వేలు పెట్టి చూపించమనండి.

ఋషికొండ_ప్లాను:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. కొత్తగా అపార్ట్‌మెంటు ప్లాను పెట్టేవాళ్లకి ఆ బిల్డింగ్ కోడ్‌లో అసలు ఏమడుగుతారు?

రూల్‌బుక్:

నివాస భవనాలకి బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) ఇచ్చిన కోడ్ ఎకో నివాస్ సంహిత, మొదటి భాగం 2018లో వచ్చింది. విశాఖ వేడి-తేమ మండలం. ముఖ్యంగా పట్టించుకోవాల్సిన అంకెలు మూడు. గోడల గుండా లోపలికొచ్చే వేడి (ఆర్ఈటీవీ) చదరపు మీటరుకి 15 వాట్లు మించకూడదు. కప్పు యూ-విలువ (వేడిని ఎంత లోపలికి వదులుతుందో చెప్పే అంకె) 1.2 మించకూడదు. తెరుచుకునే కిటికీ వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం.

డిజైన్లు బోల్తా పడేది మూడోదాని దగ్గరే. వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ ఏరియాకి 167 చదరపు అడుగులు తెరుచుకోవాలి. మనవాళ్లు పెట్టే రెండు ట్రాకుల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి లెక్కలో సగమే. రెక్క తలుపుల కిటికీకి 90 శాతం దాకా ఇస్తారు. సముద్రపు గాలి వచ్చే ఊళ్లో స్లైడింగ్ పెట్టి ఆపైన ఏసీ కొనుక్కోవడం ఏం తెలివో మరి.

కప్పుకి: ఉత్త ఆర్‌సీసీ స్లాబు 3కి పైనే ఉంటుంది. స్లాబు పైన 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) పలకలు వేసి, స్క్రీడ్, తెల్ల టైల్ వేస్తే 1.2 లోపుకి వస్తుంది. గోడకి 9 అంగుళాల ఇటుక రెండుకి అటూఇటూ, 200 మిల్లీమీటర్ల ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకు 0.8 దగ్గర. పడమటి గోడకైనా ఏఏసీ వాడితే ఆర్ఈటీవీ లెక్క తేలికవుతుంది.

సెక్రటరీ గారి మిగతా రెండు: సర్వీసు పేరు ఇబ్బందే, అదే ముందు తేల్చండి. దరఖాస్తు, ఒప్పందం, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా, మూడూ ఒకే పేరు మీద ఉండాలి. బిల్డరు పేరుతో పెట్టేస్తే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటుంది. అసోసియేషన్ రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, ఖాతా, సోలార్‌కి ఒప్పుకుంటూ జనరల్ బాడీ తీర్మానం సిద్ధం చేసుకుని, సెక్షన్ ఆఫీసులో పేరు మార్పుకి పెట్టండి. బిల్డరు నిరభ్యంతర పత్రం ఇప్పుడే తీసుకోండి, ప్లాంటు బిగించాక అడిగితే బేరాలు మొదలవుతాయి. పేరు మారాక జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు, అందులో నమోదైన వెండరు ఎంపిక.

ఇద్దరు ఓనర్ల సంగతి: టెర్రస్ అందరి అవిభాజ్య వాటా, 1987 అపార్ట్‌మెంట్ల చట్టం కింద అది కామన్ ఏరియా. మిగతావాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా ఒక్క ప్యానెల్ కూడా కుదరదు. ముందు కామన్ ప్లాంటుకి నీడ పడని చోటు గీసి తీర్మానంలో పెట్టేయండి, మిగిలిన చోటు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

పంపు_మేస్త్రి:

వెండరుకి చివరి 20 శాతం డబ్బు ప్యానెళ్లు బిగించగానే ఇవ్వొద్దు. బైడైరెక్షనల్ మీటరు (వచ్చే, వెళ్లే యూనిట్లు రెండూ లెక్కేసేది) పెట్టి, ఈపీడీసీఎల్ వాళ్లు వచ్చి ఛార్జ్ చేసి, కమిషనింగ్ రిపోర్టు మీద సంతకం పడ్డాక ఇవ్వండి. ఆ రోజు మీటరులో ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రెండు రీడింగులూ ఫోటో తీసి పెట్టుకోండి, మొదటి బిల్లులో అవే అంకెలు ఉన్నాయో లేదో సరిచూడాలి.

సెక్రటరీ_మధురవాడ:

ఆదివారం ట్యాంకు కొలత పెడుతున్నాం. టేపు, టార్చి, మీటరు ఫోటో. పంపు ప్లేటు మీద హెడ్ 32–56 అని ఉంది, మాకు కావాల్సింది 30. అదీ సంగతి.

పంపు_మేస్త్రి:

దొరికింది దొంగ. 20–36 రేంజిలో 3 హెచ్‌పీ పంపు అడగండి. సంపులో ముంచే ఓపెన్‌వెల్ రకం తీసుకుంటే ఫుట్‌వాల్వ్ గొడవే ఉండదు.